బరువెంత కాదు, ఎక్కడ? – ట్రాలీ కొండి నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు పాఠం రాసిమ్మని మిత్రులు అడిగినప్పుడు కాంతి గురించి రాద్దామా, పరమాణువు గురించి రాద్దామా అని చాలా ఆలోచించాను. అవన్నీ పుస్తకాల్లో దొరికేవే. పుస్తకంలో ఉండి కూడా మన ఊరి పొలిమేర దాటి లోపలికి రాని పాఠం ఒకటుంది. అది తెలియక మా నాయిన భుజం ఎముక విరిగింది. అదే పాఠాన్ని మొన్న అమెరికా నుంచి ఫోన్ చేసిన మన హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన ప్రశ్నగా అడిగాడు. ట్రాక్టరు వెనక ట్రాలీ, కారు వెనక బండి ఏదైనా సరే, దాని బరువు మారుతూ ఉంటే మధ్యలో ఉండే కొండిని ఎలా ఎంచుకోవాలి, దాని మీద ఎంత బరువు పడనివ్వాలి అన్నదే ఆ పాఠం. మనలో చాలామంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు ట్రాక్టరు నడిపేవారో, బస్తాలు మోసేవారో ఉన్నారు. అందుకే ఇది మనకు పరీక్షకు మాత్రమే పనికొచ్చే పాఠం కాదు.

తాత బండి, నాయిన ట్రాక్టరు

మాది నర్సంపేట వైపు ఒక పల్లె. మా తాత ఎడ్లబండి తోలేవాడు. సొంత బండి కాదు, జీతానికి ఉన్న ఇంటి బండి. మా నాయిన ట్రాక్టరు డ్రైవరు. అదీ సొంతం కాదు. ఇద్దరూ బడికి పోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.ఎస్సి. ఫిజిక్స్ చదువుతున్నాను.

ఎడ్లబండిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రెండు చక్రాలు, మధ్యలో ఇరుసు, ముందుకు నొగలు, నొగల చివర కాడి, కాడి కింద ఎడ్ల మెడలు. బరువు ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు నలిగిపోతాయి. వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకు పట్టె బిగుసుకుంటుంది. అందుకే బండి నింపేటప్పుడు మా తాత ఒక చేత్తో కాడి ఎత్తి చూసి, ఇంకో బస్తా ముందు వేయాలా వెనక వేయాలా అని చెప్పేవాడట. దిగుడు వస్తే తాను వెనక్కు జరిగేవాడు, ఎక్కుడు వస్తే ముందుకు జరిగేవాడు. అంటే బండి మీద మారే బరువుకు తన ఒంటి బరువునే తూనికరాయిలా వాడుకున్నాడు.

రెండు చక్రాల ట్రాలీ అంటే పెద్ద ఎడ్లబండే. నొగల చోట ఇనుప దూలం వచ్చింది. కాడి చోట కొండి వచ్చింది, కొందరు దాన్నే హుక్కు అంటారు. ఎడ్ల మెడ చోట ట్రాక్టరు వెనుక భాగం వచ్చింది. తేడా ఒక్కటే. ఎడ్లకు నొప్పి పుడితే ఆగిపోతాయి, ట్రాక్టరుకు నొప్పి పుట్టదు. మోయలేని సంగతి అది ముందుగా చెప్పదు, ప్రమాదం జరిగినప్పుడే చెబుతుంది.

బడి పాఠం

ఇప్పుడు మన పాఠ్యపుస్తకంలోని రెండు మాటలు గుర్తు చేసుకుందాం. మొదటిది గరిమనాభి. ఒక వస్తువు బరువంతా ఒక్క బిందువులో కేంద్రీకరించి ఉన్నట్టు భావించగలిగితే ఆ బిందువే గరిమనాభి. రెండోది భ్రామకం. ఆధారం నుంచి ఎంత దూరంలో ఎంత బరువుందో, ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేది భ్రామకం. తూగుడుబల్ల మీద చిన్నపిల్లవాడు చివరన కూర్చుని, మధ్యకు దగ్గరగా కూర్చున్న పెద్దవాణ్ణి లేపగలగడానికి కారణం ఇదే.

ట్రాలీకి ఇరుసు ఆధారం. ట్రాలీ సొంత బరువు, సరుకు కలిపి 3,000 కిలోలు అనుకుందాం. ఇరుసు నుంచి కొండి వరకు 3 మీటర్లు. మొత్తం గరిమనాభి ఇరుసుకు మూరెడు ముందు, అంటే 45 సెం.మీ. ముందు ఉంది. అప్పుడు కొండి మీద పడే బరువు:

3,000 × 0.45 ÷ 3 = 450 కిలోలు. అంటే మొత్తంలో 15 శాతం.

మొత్తం గరిమనాభి 30 సెం.మీ. వెనక్కు జరిగేలా అదే సరుకును పేర్చామనుకోండి. గరిమనాభి ఇరుసుకు 15 సెం.మీ. ముందుకు వస్తుంది. కొండి మీద బరువు 150 కిలోలే, అంటే 5 శాతం. గరిమనాభి ఇంకో 30 సెం.మీ. వెనక్కు జరిగితే ఇరుసు దాటి వెనక్కు పోతుంది. అప్పుడు కొండి మీద బరువు పడకపోగా, అది 150 కిలోల బలంతో పైకి లేవడానికి చూస్తుంది.

గమనించండి, ఈ మూడు లెక్కల్లోనూ మొత్తం బరువు మారలేదు. అదే 3,000 కిలోలు. మారినది బరువు ఉన్న చోటు. మొత్తం కలిపి మూడు జానల లోపు తేడాతోనే కొండి కిందికి నొక్కే స్థితి నుంచి పైకి లేచే స్థితికి వచ్చింది.

కొండి మీద బరువు ఎక్కువైతే

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మన జిల్లాల్లో చెరువుల పూడిక తీసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులున్న నేల మనది. చిన్నా పెద్దా చెరువుల్లోని ఒండ్రుమట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. 2016 ఎండాకాలం సెలవుల్లో నేనూ నాయిన వెంట ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని తిరిగాను.

ఒక రోజు జేసీబీ వచ్చి ట్రాలీ నింపింది. దాని తొట్టి అందినచోటే మట్టి పోసింది. మట్టంతా ముందు వైపు కుప్ప అయింది. చెరువు లోపలి నుంచి కట్ట మీదికి వేసిన ర్యాంపు ఎక్కుతుండగా ట్రాక్టరు ముందు చక్రాలు మెల్లగా గాల్లోకి లేచాయి. నాయిన స్టీరింగు తిప్పుతున్నా బండి తిరగలేదు. వెంటనే క్లచ్చు తొక్కాడు. ముందు చక్రాలు ధడేల్‌మని నేల మీద పడ్డాయి. నేను ఎగిరి పక్కనున్న మట్టిలో పడ్డాను. టైరు వైపు పడి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను.

అప్పుడు ఏం జరిగిందో ఈ రోజు లెక్క వేసి చెప్పగలను. ట్రాక్టరు బరువు 2,000 కిలోలు అనుకుందాం. అందులో ముందు చక్రాల మీద 800, వెనక చక్రాల మీద 1,200. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2 మీటర్లు. కొండి వెనక ఇరుసుకు 60 సెం.మీ. వెనక ఉంది. కొండి మీద 1,000 కిలోలు పడితే ముందు చక్రాల మీద తగ్గే బరువు:

1,000 × 0.6 ÷ 2 = 300 కిలోలు.

800 కాస్తా 500 అయింది. ఇది బండి ఆగి ఉన్నప్పటి లెక్క. ఎక్కుడులో ట్రాక్టరు 800 కిలోల బలంతో ట్రాలీని లాగుతోందనుకోండి. ఆ లాగుడు నేల నుంచి 50 సెం.మీ. ఎత్తులో ఉన్న కొండి దగ్గర జరుగుతోంది. దానివల్ల ముందు చక్రాల మీద ఇంకో 800 × 0.5 ÷ 2 = 200 కిలోలు తగ్గుతాయి. మిగిలింది 300. స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలన్నది సాధారణ నియమం. మన ట్రాక్టరుకు అది 400 కిలోలు. అంటే ఇప్పటికే హద్దు దాటాం. ఎక్కుడు వల్ల ట్రాక్టరు సొంత బరువు కూడా వెనక్కు మొగ్గుతుంది, అది ఇంకా ఈ లెక్కలో కలపలేదు.

ఇంకో సంగతి. కొందరు బండి బురదలో దిగబడ్డప్పుడు గొలుసును కింది కొండికి కాకుండా, పైన నాగలి సామాన్లు బిగించే బ్రాకెట్టుకు తగిలిస్తారు. అది నేల నుంచి 90 సెం.మీ. ఎత్తులో ఉంటే అదే లాగుడుకు ముందు చక్రాల మీద 200 బదులు 360 కిలోలు తగ్గుతాయి. ట్రాక్టరు వెనక్కు తిరగబడి డ్రైవరు మీద పడే ప్రమాదాలకు ఒక పెద్ద కారణం ఇలా పై నుంచి లాగడమే. లాగే చోటు ఎంత కిందికి ఉంటే అంత క్షేమం.

ఆ రోజు నాయిన నన్ను లేపి, ఒంటి మీద మట్టి దులిపి, జేసీబీ ఆయనతో ఒక్క మాటే అన్నాడు: "బరువెంతని కాదు అన్నా, ఏడ కూసున్నదో సూడాలె." ఆ తర్వాత నన్ను మడ్‌గార్డు మీద ఎక్కించుకోలేదు.

కొండి మీద బరువు తక్కువైతే

నాయినకు అంత తెలిసి కూడా రెండో వైపు ప్రమాదం నుంచి తప్పించుకోలేకపోయాడు. 2017 చివర్లో, నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, వానాకాలం వడ్ల బస్తాలు ఒక మిల్లుకు తోలుతున్నాడు. యజమానికి ఒక ట్రాక్టరు, రెండు ట్రాలీలు. నిండిన ట్రాలీని మిల్లు దగ్గర స్టాండు మీద నిలిపి, పిన్ను తీసి, ట్రాక్టరుతో రెండో ట్రాలీ కోసం పోయాడు. తిరిగి వచ్చేసరికి ముందువైపు బస్తాలు చాలావరకు దించేశారు. వెనక వైపు బస్తాలు అలాగే ఉన్నాయి. నాయిన పిన్ను చేతిలో పట్టుకుని కొండి మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే ముందు మిగిలిన బస్తాలు కూడా దించారు. ట్రాలీ ముందు దూలం ఎగిరి నాయిన భుజానికి తగిలింది.

ఇక్కడ లెక్క చూడండి. ఖాళీ ట్రాలీ కొండి దగ్గర 120 కిలోలు తూగుతుందనుకుందాం. ఇరుసు నుంచి 3 మీటర్లు కాబట్టి దాని భ్రామకం 360. వెనక వైపు 40 కిలోల బస్తాలు 25, అంటే 1,000 కిలోలు, ఇరుసుకు 80 సెం.మీ. వెనక ఉన్నాయనుకుంటే వాటి భ్రామకం 800. వెనకది గెలిచింది. తేడా 440ని 3 మీటర్లతో భాగిస్తే దూలం దాదాపు 150 కిలోల బలంతో పైకి లేస్తుంది. ముందు తగినన్ని బస్తాలు ఉన్నంతసేపు తూకం ఎలాగో నిలిచింది. అవి దిగగానే ఒక్కసారిగా తప్పింది.

దీన్ని ఎవరి తప్పు అనలేం. బస్తాలు దించినవాళ్ళు మా ఊరివాళ్ళే. వాళ్ళకు దగ్గరున్నవి ముందు దించారు. నాయినకు మూడు నెలలు పని లేదు. అమ్మ ఒక్కతే కూలికి పోయింది. నేను చదువు మానేసి పనికి పోతానని హాస్టల్లో పెట్టె సర్దుకున్నాను. అప్పటి మా సీనియర్ అన్నలు పెట్టె లాక్కుని మంచం కింద పెట్టారు. "పరీక్షలు రాసి పో" అన్నారు. రాశాను. భ్రామకం మీద వచ్చిన ప్రశ్నకు పూర్తి మార్కులు పడే జవాబు రాసినట్టే గుర్తు. కాని ఆ ప్రశ్నకూ నాయిన భుజానికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

కొండి మీద బరువు తక్కువైతే ఇంకో ప్రమాదం రోడ్డు మీద ఉంటుంది. వేగంగా పోతున్నప్పుడు ట్రాలీ తోక కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెడుతుంది. వెనక బరువు ఎక్కువైన కొద్దీ, వేగం పెరిగిన కొద్దీ ఆ ఊగుడు పెరుగుతుంది. చివరకు ట్రాలీయే ట్రాక్టరును తిప్పేస్తుంది.

ఒకటే ట్రాలీ, ఏడాదంతా వేరువేరు బరువులు

మన ట్రాలీ అసలు చిక్కు ఇది. అది ఏడాది పొడవునా ఒకే సరుకు మోయదు.

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్రాలీలో 120 ఘనపుటడుగులు, అంటే దాదాపు 3.4 ఘనపు మీటర్లు పడతాయి. ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. నిండుగా పోస్తే అయిదున్నర టన్నులకు దగ్గర. తడి ఒండ్రుమట్టి కూడా తక్కువేమీ కాదు. అదే ట్రాలీలో అంచుల దాకా వడ్లు పోస్తే రెండు టన్నులే. కాబట్టి "ట్రాలీ నిండింది" అన్న మాటకు సైన్సులో అర్థం లేదు.

పత్తి ఇంకా తేలిక. అందుకే చుట్టూ కర్రలు కట్టి మనిషికి రెండింతల ఎత్తు పేర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తెస్తారు. అక్కడ బరువు కంటే ఎత్తే ప్రమాదం. గరిమనాభి ఇరుసుకు 2 మీటర్ల పైన ఉందనుకోండి. పది అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో ఆ బరువు 20 సెం.మీ. వెనక్కు జరిగినట్టే లెక్క. చదునులో మూరెడు ముందున్నది ఎక్కుడులో జానెడు ముందుకు వచ్చేస్తుంది. దిగుడులో సరిగ్గా దీనికి వ్యతిరేకం. మలుపులో పక్కకు ఒరుగుతుంది.

మిర్చి టిక్కీలు ఒక తీరు, గడ్డి మోపులు ఒక తీరు. ఇక మేడారం జాతరకో, పెళ్ళికో, కూలికో మనుషులు ఎక్కితే అది అన్నిటికన్నా చెడ్డ సరుకు. ఎందుకంటే మనుషులు కదులుతారు. కుదుపు వస్తే అందరూ ఒకేసారి ఒక వైపు ఒరుగుతారు. పిల్లలు కాళ్ళు వేలాడేసుకుని వెనక అంచున కూర్చుంటారు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పది మందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్ళు, చనిపోయారు. ప్రతి ప్రమాదానికీ కారణం కొండి కాదు. కాని ట్రాలీ మనుషుల కోసం తయారైన బండి కాదన్నది మాత్రం నిజం. చట్టమూ ఒప్పుకోదు, భౌతికశాస్త్రమూ ఒప్పుకోదు.

అమెరికా అన్న అడిగిన ప్రశ్న

టెక్సాస్‌లో ఉంటున్న మన సీనియర్ అన్న ఈ మధ్య ఒక క్యాంపర్ కొన్నాడు. క్యాంపర్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. దాన్ని పికప్ బండి వెనక తగిలించుకుని సెలవులకు పోతారు. "తమ్మీ, నువ్వు ఫిజిక్స్ కదా. నా బండి ఒకసారి ఖాళీగా ఉంటది, ఒకసారి నీళ్ళ ట్యాంకులు, సామాన్లతో నిండుగా ఉంటది. బరువు పంచే కొండి కొనమంటున్నరు. అన్నిటికన్నా పెద్దది కొంటే అన్నిటికీ సరిపోదా?" అని అడిగాడు.

బరువు పంచే కొండి అంటే ఏమిటో ముందు చూద్దాం. మామూలు కొండి మీద బరువు పడితే పికప్ వెనక కుంగి, ముందు చక్రాలు తేలిపోతాయి. మా ట్రాక్టరుకు జరిగింది అదే. బరువు పంచే కొండికి కింద రెండు స్ప్రింగు కడ్డీలుంటాయి. అవి కొండి నుంచి వెనక్కు, క్యాంపర్ దూలం వైపు పోతాయి. వాటి చివరలను గొలుసులతో పైకి బిగించి కడతారు. సిమెంటు పనిలో వాడే ఒంటిచక్రం తోపుడు బండిని ఊహించుకోండి. దాని పిడులు పైకెత్తితే బరువు ముందు చక్రం మీదికి పోతుంది కదా. ఇక్కడా కడ్డీలు పిడుల్లా పనిచేస్తాయి. కొండి దగ్గర కేంద్రీకరించిన బరువులో కొంత పికప్ ముందు చక్రాలకు, కొంత క్యాంపర్ చక్రాలకు పంచుతాయి. మొత్తం బరువు తగ్గదు, పంపకం మాత్రం మారుతుంది.

ఈ కడ్డీలు 600, 800, 1,000, 1,200 పౌండ్లు ఇలా రకరకాల బలాలతో దొరుకుతాయి. ఎంచుకోవలసింది క్యాంపర్ మొత్తం బరువును చూసి కాదు, కొండి మీద పడే బరువును చూసి. అక్కడ క్యాంపర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొండి మీద ఉండాలన్నది నియమం. అన్న క్యాంపర్ ఖాళీగా 2,000 కిలోలు, నిండుగా 3,000 కిలోలు. కొండి మీద ఖాళీగా 250, నిండుగా 400 కిలోలు పడుతోందని కొలిచి చెప్పాడు. 400 కిలోలంటే దాదాపు 880 పౌండ్లు. కాబట్టి 800 చాలదు, 1,000 సరిపోతుంది. పికప్‌లో వెనక ఇరుసు దాటి పెట్టే సామాను బరువును కూడా ఇందులో కలుపుకోవాలి.

మరి అన్నిటికన్నా పెద్దది ఎందుకు వద్దు? కడ్డీ వంగితేనే స్ప్రింగు. మరీ గట్టి కడ్డీ ఖాళీ బండికి వంగదు. అప్పుడు ప్రతి గుంత కుదుపూ నేరుగా దూలానికి తగులుతుంది. బిగింపు ఎక్కువైతే పికప్ వెనక చక్రాల మీద ఉండవలసిన బరువు కూడా తగ్గిపోయి, వాన రోడ్డు మీద జారుతుంది. కాబట్టి అన్నిటికన్నా బరువైన రోజును మోయగలిగేదీ, తేలికైన రోజు బిగింపు తగ్గించుకోవడానికి వీలున్నదీ ఎంచుకోవాలి. గొలుసులో ఏ లింకు దగ్గర తగిలిస్తే ఖాళీ బండికి సరిపోతుంది, ఏ లింకు దగ్గర నిండు బండికి సరిపోతుంది అన్నది ఒకసారి కొలిచి రంగు పూసి గుర్తు పెట్టుకోమన్నాను. కొలవడం ఎలాగంటే, బండి తగిలించక ముందు పికప్ ముందు చక్రం పైనున్న అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో చూడాలి. తగిలించాక అది పైకి లేస్తుంది. కడ్డీలు బిగించాక అది మళ్ళీ మొదటి ఎత్తుకు దగ్గరగా రావాలి. ఎంతవరకు రావాలో ఆ పికప్ కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

చివరగా ఒక మాట కచ్చితంగా చెప్పాను. "అన్నా, వెనక బరువు ఎక్కువ పెట్టిన బండిని ఏ కొండీ బాగు చేయలేదు. ముందు సామాను సర్దు, తర్వాత కొండి కొను." అన్న నవ్వి, "మీ నాయిన చెప్పినట్టే చెప్పినవ్" అన్నాడు.

మరి మన ట్రాలీకి ఏం ఎంచుకోవాలి?

ఆ స్ప్రింగు కడ్డీల కొండి మన ట్రాక్టరుకు పనికిరాదు. అది చదునైన రోడ్ల కోసం. ఒడ్లు ఎక్కి దిగేటప్పుడు, చెరువు ర్యాంపుల మీద ట్రాక్టరు ఒక వాలులో, ట్రాలీ ఇంకో వాలులో ఉంటాయి. అక్కడ గట్టి కడ్డీలు విరుగుతాయి, లేదా దేన్నో ఒకదాన్ని విరుస్తాయి. మనం చేయగలిగినవి ఇవి:

1. రెండు చక్రాలా, నాలుగు చక్రాలా? నాలుగు చక్రాల ట్రాలీ తన బరువంతా తన చక్రాల మీదే మోస్తుంది. కొండి లాగడానికి మాత్రమే. సరుకు మారినా కొండి మీద బరువు పెద్దగా మారదు. బస్తాలు, పత్తితో రోడ్డు మీద ఎక్కువ తిరిగేవారికి ఇది మంచిది. కాని రివర్సు కష్టం, బురదలో ట్రాక్టరు వెనక చక్రాలకు అదనపు పట్టు దొరకదు. మట్టి, ఇసుక, ఎరువు తోలి ఎత్తి పోయవలసినవారికి రెండు చక్రాల ట్రాలీయే వీలు. అయితే దాన్ని నింపే తీరు తెలిసి ఉండాలి.

2. రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టరు ఒంటికి గట్టిగా బిగించిన కింది కొండికే తగిలించాలి. హైడ్రాలిక్ చేతుల మధ్య ఉండే రంధ్రాల కడ్డీకి తగిలించకూడదు. ఆ చేతులు బరువును పైకి ఎత్తి పట్టగలవు గాని, పైకి లేచేదాన్ని కిందికి నొక్కి పట్టలేవు.

3. పిన్ను కొండి రంధ్రానికి సరిపోయేదే వాడాలి. ఇనుప చువ్వ ముక్క దూర్చి నడపకూడదు. కింద క్లిప్పు తప్పనిసరి. పక్కన ఒక గొలుసు కూడా ఉండాలి.

4. బరువైన సరుకు రోజుల్లో ట్రాక్టరు ముందు భాగానికి అదనపు బరువులు బిగించాలి. ముందు ఇరుసుకు 60 సెం.మీ. ముందు 100 కిలోలు బిగిస్తే, ముందు చక్రాల మీద 130 కిలోలు పెరుగుతాయి. ఎలాగో మీరే లెక్క వేసి చూడండి.

5. నింపేటప్పుడు మొదట ఇరుసు మీద, తర్వాత దానికి ముందు, చివరకు వెనక. దించేటప్పుడు మొదట వెనక, చివరకు ముందు. దించడం పూర్తయ్యేదాకా ట్రాక్టరు తీయకూడదు. తీయక తప్పకపోతే ముందు స్టాండుతో పాటు వెనక కూడా దిమ్మె పెట్టాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ దూలం మీదికి వంగకూడదు.

6. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. దిగుడులో గేరు తీసి నడపకూడదు.

కాంటా మీద కొలుచుకోండి

కొండి మీద ఎంత బరువు పడుతోందో కంటితో చెప్పడం కష్టం. కాని లారీలు తూచే కాంటా ఉంటే చాలు. మొదట ట్రాక్టరును ఒక్కదాన్నే తూచండి. తర్వాత నిండిన ట్రాలీని తగిలించి, ట్రాలీ చక్రాలు కాంటా బయట ఉండేలా, ట్రాక్టరు చక్రాలు మాత్రం కాంటా మీద ఉండేలా నిలపండి. రెండో తూకం నుంచి మొదటిది తీసేస్తే వచ్చేదే కొండి మీది బరువు. ఆ తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి తూచండి. ట్రాక్టరు సొంత బరువులో అయిదో వంతు కంటే తక్కువ చూపిస్తే కదలకుండా సరుకు సర్దుకోవాలి. మట్టికి ఒకసారి, వడ్లకు ఒకసారి, పత్తికి ఒకసారి తూచి ట్రాలీ పక్క రేకు మీద రంగుతో గీత గీసి పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది.

పోయిన వానాకాలం పంటకు నేనూ నాయినా ఇదే చేశాం. మొదట నాయిన ఒప్పుకోలేదు. "ముప్పయ్యేండ్ల సంది తోలుతున్న, నాకు సూపిస్తవా?" అన్నాడు. వడ్ల బస్తాలు తానే పేర్చాడు. కాంటా మీద తూస్తే కొండి మీద పదమూడు శాతం వచ్చింది. నా లెక్క చెప్పేది అతని చేతికి ముందే తెలుసు. తెలియనిది దించే తీరు ఒక్కటే. ట్రాలీ లోపల ఇరుసుకు సరిగ్గా పైన ఎర్ర రంగుతో ఒక గీత గీశాం. గీత వెనకవి ముందు దించాలని హమాలీలకు చెప్పాడు. ఇప్పుడు ఆ యజమాని రెండో ట్రాలీ మీద కూడా గీత ఉంది.

తమ్ముళ్ళారా, మీ ఇంటికి సెలవులకు పోయినప్పుడు ఒక పని చేయండి. ఒక స్కేలు, ఒక పెన్సిలు, కొన్ని గులకరాళ్ళు తీసుకుని ఈ లెక్క మీ ఇంట్లో ట్రాక్టరు నడిపేవారికో, బస్తాలు మోసేవారికో చూపించండి. వాళ్ళు మీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళేనని మరిచిపోకుండా చూపించండి. మనం హాస్టల్లో నేర్చుకున్నది మార్కుల లిస్టులో మాత్రమే ఉండిపోతే, దాని బరువు పడవలసిన చోట పడనట్టే.

– ఎం.ఎస్సి. (ఫిజిక్స్) విద్యార్థి, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, వరంగల్